ముగ్గురు యోధులు – నాలుగు బటన్లు

మన పత్రికలో యోగాభ్యాసం మీద, కూరగాయల తోటల మీద, చార్‌ధామ్ యాత్ర మీద, చదరంగం మీద ఎన్నో చక్కని వ్యాసాలు వెలువడ్డాయి. లోగడ బేరింగుల ఆయుర్దాయం గురించి రాసి పాఠకుల సహనాన్ని పరీక్షించిన వాడిని నేను. ఈసారి ఒక వీడియో ఆట గురించి రాస్తానన్నప్పుడు సంపాదకవర్గ మిత్రులు నా ముఖంలోకి ఒకసారి పరిశీలనగా చూశారు. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళున్నవాడికి ఈ పిల్లచేష్టలేమిటని వారు అనుకొని ఉంటే అందులో వారి తప్పేమీ లేదు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆ అభిప్రాయంతో ఒక తప్పు కూడా చేశాను. అది చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పక తప్పదు.

1998 నాటి మాట. అప్పట్లో నేను ఉత్తరాదిన ఒక ప్రాజెక్టులో మెకానికల్ మెయింటెనెన్సు విభాగంలో జూనియర్ ఇంజినీరును. అంతకు రెండేళ్ళ క్రితమే నాన్నగారు కాలం చేశారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఇంటర్మీడియట్‌లో లెక్కల పరీక్ష తప్పాడు. ఊళ్ళో ఉంటే చెడిపోతాడేమోనని అమ్మ భయపడి, గోదావరి ఒడ్డునుంచి వాడిని నా దగ్గరకు పంపింది. నాకు వాడు తమ్ముడే అయినా, ఆనాటికి తండ్రి స్థానంలో ఉన్నానన్న బరువు నా తల మీద కొంచెం ఎక్కువగానే కూర్చుంది. ఉదయం ఆరింటికి లేపేవాడిని. షిఫ్టుకు వెళ్ళేముందు పది లెక్కలు ఇచ్చేవాడిని. సాయంత్రం వచ్చి దిద్దేవాడిని. వాడికి హిందీ ముక్క రాదు. కాలనీలో తెలుగు కుటుంబాలు నాలుగైదు ఉన్నా వాడి ఈడు పిల్లలు లేరు. పగలంతా వాడు ఆ రెండు గదుల క్వార్టరులో ఒంటరిగా ఏం చేస్తున్నాడన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

వాడు ఏం చేస్తున్నాడో ఒక సాయంత్రం తెలిసింది. కాలనీ గేటు బయట, సైకిలు మరమ్మతు దుకాణం పక్కన రేకుల షెడ్డులో ఒక వీడియో పార్లరు ఉండేది. లోపల చెక్కపెట్టెల్లో అమర్చిన నాలుగు యంత్రాలు. దుకాణదారు అరవై ఏళ్ళ మనిషి. పిల్లలందరూ ఆయనను ‘చాచా’ అనేవారు. మా సీనియర్ ఒకరు, ‘మీ తమ్ముడు రోజూ అక్కడే కనిపిస్తున్నాడయ్యా’ అని చెప్పగానే షిఫ్టు దుస్తులతోనే తిన్నగా అక్కడికి వెళ్ళాను. ఒక యంత్రం చుట్టూ పదిమంది కుర్రాళ్ళు మూగి ఉన్నారు. నడుమ మా వాడు. వెనకనుంచి భుజం పట్టి ఇవతలికి లాగి, అందరి ఎదుట చెంప మీద కొట్టాను. వాడు ఒక్క మాట అనలేదు. తెర వంక ఒకసారి వెనుదిరిగి చూసి, నాతో నడిచి ఇంటికి వచ్చాడు. ఆ తరువాత మూడు రోజులు అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు ఆదివారం. ఆ దుకాణదారును కలిసి, ‘మా వాడిని లోపలికి రానివ్వవద్దు’ అని గట్టిగా చెప్పి రావాలని బయలుదేరాను. నేను నోరు విప్పకముందే ఆయన లేచి కుర్చీ వేసి, ‘మీ కోసమే చూస్తున్నాను ఇంజినీరు సాబ్, మా అన్నయ్య ప్లాంటులో ఏ యంత్రాన్నైనా బాగు చేస్తాడని మీ వాడు చెప్పాడు. ఇది కొంచెం చూసి పెట్టండి’ అన్నాడు. చెంపదెబ్బ తిన్న తరువాత చెప్పాడో, ముందే చెప్పాడో నేను అడగలేదు. నేను చెప్పదలచుకున్న మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఫిర్యాదు ఏమంటే, కుడివైపు ఆటగాడి జాయ్‌స్టిక్ ఒక్కొక్కసారి పనిచేయడం లేదు. పలక విప్పి చూశాను. సాంకేతిక విషయాలపై ఆసక్తిగల పాఠకుల కోసం చెబుతున్నాను. జాయ్‌స్టిక్ అడుగున నాలుగు దిక్కులా నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. కర్రను ఏ వైపు వంచితే ఆ వైపు స్విచ్ నొక్కుకుంటుంది. మూలకు వంచితే పక్కపక్కన ఉన్న రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుంటాయి. ఈ విధంగా నాలుగు స్విచ్‌లతో ఎనిమిది దిక్కులు వస్తాయి. మల్టీమీటరుతో చూస్తే కుడివైపు స్విచ్ పదిసార్లలో మూడుసార్లు కాంటాక్టు ఇవ్వడం లేదు. బజారులో కొత్త స్విచ్ కొని తెచ్చి, పాతదాని తీగలు ఊడదీసి టంకం పెట్టాను. (స్టోర్సునుంచి కాదు, సొంత డబ్బుతో బజారులో కొన్నదేనని ఆడిట్ విభాగం మిత్రులకు సవినయంగా మనవి.) మరమ్మతు సరిగ్గా జరిగిందో లేదో తేల్చాలంటే ఆట తెలిసిన మనిషి కావాలి. చాచా ఒక కుర్రాడిని పంపి మా తమ్ముడిని పిలిపించాడు.

వాడు వచ్చి, నా వైపు చూడకుండానే కర్ర పట్టుకొని అటూ ఇటూ తిప్పి, ‘ఇప్పుడు పట్టుతోంది’ అన్నాడు. ‘అంతకుముందు ఏమయ్యేది?’ అని అడిగాను. ‘కుడివైపు నిలబడి ఎడమకు చూస్తున్నప్పుడు కాపు కాచుకోవాలంటే కర్రను వెనక్కి, అంటే కుడికి లాగాలి. ఆ స్విచ్ పట్టకపోతే దెబ్బ తగులుతుంది. మిగతా వాళ్ళు నాకు ఆట రాదనుకునేవారు’ అని తెలుగులో నాకు, విరిగిన హిందీలో మిగతా కుర్రాళ్ళకు వివరించాడు. మూడు నెలల్లో వాడు అంత హిందీ ఎక్కడ నేర్చాడా అని నేను ఆశ్చర్యపోయాను. లోపం ఎక్కడుందో కొలతలతో తేల్చిన నాకంటే ముందే, లక్షణాలనుబట్టి వాడు సరిగ్గా గుర్తించాడు. ఆ మాటే వాడితో అన్నాను. మూడు రోజుల తరువాత వాడు నా ముఖంలోకి చూసింది అప్పుడే.

ఆ యంత్రంలో ఉన్న ఆట పేరు ‘ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’. ఇది జపాన్‌లోని ఒసాకా నగరానికి చెందిన ఎస్.ఎన్.కె. అనే సంస్థ తయారు చేసినది. 1978లో ఎయికిచి కవాసాకి అనే వ్యాపారవేత్త నెలకొల్పిన ఈ సంస్థ 1990లో నియో జియో అనే యంత్ర వ్యవస్థను విడుదల చేసింది. అంతకుముందు వరకు ఆట మార్చాలంటే సాధారణంగా లోపలి సర్క్యూట్ బోర్డునే మార్చవలసి వచ్చేది. నియో జియోలో టేప్‌రికార్డరులో క్యాసెట్టు మార్చినట్లు ఒక పెట్టెను తీసి మరో పెట్టె పెడితే చాలు. కొన్ని నమూనాలలో ఆరు ఆటలను ఒకేసారి అమర్చే వీలు ఉండేది. లోపల ప్రధాన ప్రాసెసరు 12 మెగాహెర్ట్జ్ మోటరోలా 68000. ధ్వనికి వేరుగా జెడ్ 80. మన చేతి గడియారాల్లోనే అంతకు మించిన గణనశక్తి ఉన్న ఈ రోజుల్లో ఈ అంకెలు చూసి నవ్వు రావచ్చు. కాని ఆ కాస్త శక్తితోనే సెకనుకు దాదాపు 60 చిత్రాల చొప్పున బొమ్మలు కదులుతూ, వేలి కదలికకు వెంటనే స్పందించేవి.

ఈ ఆటల వరుసలో మొదటిది 1994లో వచ్చింది. పేరు మాత్రం అంతకంటే పాతది. అదే సంస్థవారి 1991 నాటి ‘ఫాటల్ ఫ్యూరీ’ ఆటలో జరిగే పోటీకి పెట్టిన పేరది. 1994లో వారు చేసిన కొత్త ఆలోచన ఏమంటే, తమ పాత ఆటల్లోని వీరులను అక్కడినుంచి కొందరిని, ఇక్కడినుంచి కొందరిని తెచ్చి, కొత్తవారిని కలిపి, ముగ్గురేసి చొప్పున జట్లుగా కూర్చడం. ఇటలీ, చైనా, జపాన్, అమెరికా, కొరియా, బ్రెజిల్, ఇంగ్లండ్, మెక్సికో పేర్లతో ఎనిమిది జట్లు, ఇరవై నలుగురు యోధులు. భారతదేశానికి జట్టు లేదన్న చింత నాకు నేటికీ ఉన్నది. మొదటి ఆటలో జట్టు మొత్తాన్ని యథాతథంగా తీసుకోవలసిందే. 1995నుంచి ఎవరి ఇష్టం వచ్చిన ముగ్గురిని వారు ఎంచుకునే స్వేచ్ఛ వచ్చింది. ఇక పార్లర్లలో వాదోపవాదాలకు అంతే లేకుండా పోయింది.

అంతకుముందు ప్రసిద్ధి చెందిన పోరాట క్రీడల్లో ఒకరితో ఒకరు తలపడేవారు. మూడింట రెండు గెలిచినవారు విజేత. ఇక్కడ పద్ధతి వేరు. ముగ్గురిలో ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు చివర అన్నది ఆటగాడే నిర్ణయించాలి. మొదటివాడు ఓడితే రెండోవాడు వస్తాడు. గెలిచినవాడు మాత్రం అక్కడే ఉండి, తనకు మిగిలిన ప్రాణశక్తితో, దానికి తోడు బహుమానంగా వచ్చిన కొద్దిపాటి శక్తితో, ఎదుటి జట్టులోని తరువాతి వాడిని ఎదుర్కొంటాడు. అందువల్ల ఓడినవాడు కూడా ఊరికే పోడు. ఎదుటివాడిని ఎంత అరగదీసి పోయాడన్నది తరువాత వచ్చేవాడికి ముఖ్యం. రాత్రి షిఫ్టువారు మిల్లును ఏ స్థితిలో అప్పగించి వెళ్ళారన్న దాన్నిబట్టి ఉదయం షిఫ్టు ఎలా గడుస్తుందో మనకు తెలియనిది కాదు. తమ్ముడు ఈ సంగతి చెబుతుంటే నాకు మొదటిసారి ఆట మీద శ్రద్ధ కలిగింది.

ఆ రోజునుంచి మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. రోజుకు పదిహేను లెక్కలు పూర్తయితే, ఆదివారం సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్ళడం. లెక్కల్లో నేను గురువును, అక్కడ వాడు.

వాడు నాకు చెప్పిన పాఠాన్నే ఇక్కడ చెబుతాను. బటన్లు నాలుగు. ఎ అంటే తేలికైన పిడిగుద్దు, బి తేలికైన తన్ను, సి బలమైన గుద్దు, డి బలమైన తన్ను. తేలికైనవి వేగంగా తగులుతాయి, నష్టం తక్కువ. బలమైనవి ఆలస్యం, గురి తప్పితే మనమే చిక్కిపోతాం. సి, డి కలిపి నొక్కితే ఎదుటివాడు ఎగిరి దూరంగా పడే దెబ్బ. కర్రను రెండుసార్లు ముందుకు తాటిస్తే పరుగు. ఎ, బి కలిపి నొక్కితే నేల మీద దొర్లడం. అలా దొర్లేటప్పుడు గుద్దులు, తన్నులు తగలవు కాని, ఎదుటివాడు పట్టుకొని విసిరేయగలడు. కొత్తగా నేర్చినవారందరూ తెగ దొర్లుతారు. నేనూ దొర్లాను. ఎదుటి బెంగాలీ కుర్రాడు నేను దొర్లడం పూర్తయ్యేవరకు కూడా ఆగకుండా పట్టుకొని నేలకేసి కొట్టేవాడు.

ఇక ప్రత్యేక విద్యలు. వీటికి కర్రను ఒక వరుసలో తిప్పి బటన్ నొక్కాలి. ఇయోరి యాగామి అనే యోధుడు నేలవెంట పాకే ఊదారంగు మంటను వదులుతాడు. అతడు కుడివైపుకు చూస్తున్నాడనుకోండి. కర్రను గడియారంలో ఆరు గంటల స్థానం నుంచి మూడు గంటల స్థానానికి పావు వృత్తంగా జార్చి, వెంటనే గుద్దు బటన్ నొక్కాలి. ఎడమకు చూస్తుంటే ఆరునుంచి తొమ్మిదికి. పైనుంచి దూకి వచ్చేవాడిని గాలిలోనే పడగొట్టే దెబ్బ ఉంది. దానికి ముందుగా మూడు, తరువాత ఆరు, ఆపైన ఆ రెంటికీ నడుమనున్న మూల. ఇక్కడ నా చేయి మొరాయించింది. ఇరవై తొమ్మిదేళ్ళ వయస్సులో, గేర్‌బాక్సు విప్పి బిగించగల చేతికి ఆ మూడు స్థానాలు వరుసగా తగలలేదు. ‘అన్నయ్యా, బలం పెట్టకు. వేలితో పట్టు, పిడికిలితో కాదు’ అని వాడు పదేపదే చెప్పేవాడు. లెక్కల్లో నేను వాడిని గద్దించినట్లు వాడు నన్ను ఒక్కసారి కూడా గద్దించలేదు.

చివరికి వాడే నా మీద జాలిపడి, నాకు చాంగ్ కోహాన్ అనే యోధుడిని అప్పగించాడు. కొరియా జట్టులోని ఈ భారీకాయుడు సంకెలకు కట్టిన ఇనుపగుండును మోసుకుతిరుగుతాడు. కథ ప్రకారం అతడూ, చేతులకు ఉక్కుగోళ్ళు తగిలించుకున్న చోయ్ అనే మరుగుజ్జూ నేరస్థులు. కిమ్ కాప్‌హ్వాన్ అనే టైక్వాండో గురువు వారిద్దరినీ సన్మార్గంలో పెట్టాలని వెంట తిప్పుకుంటుంటాడు. చాంగ్ విశేషమేమంటే, గుద్దు బటన్‌ను టకటకా నొక్కుతూ పోతే చాలు, ఇనుపగుండు గిరగిర తిరుగుతుంది. పావు వృత్తాలు అక్కరలేదు. మా కాలనీ పిల్లలు నన్ను కొంతకాలం ‘చాంగ్ సాబ్’ అని పిలిచారు. ఆ పేరు ప్లాంటు వరకు పాకనందుకు దైవానికి కృతజ్ఞుడిని.

కాపు కాచుకోవడంలోనే ఈ ఆటకు ప్రాణమున్నదని నా అభిప్రాయం. కర్రను వెనక్కి లాగి నిలబడితే పైనుంచి వచ్చే దెబ్బలు ఆగుతాయి. వెనక్కి, కిందికి లాగి కూర్చుంటే కాళ్ళకు తగిలే దెబ్బలు ఆగుతాయి. దూకుతూ కొట్టే దెబ్బను కూర్చుని ఆపలేం, కాళ్ళ మీది తన్నును నిలబడి ఆపలేం. రెండూ ఆపుతూ కదలక ఉన్నవాడిని దగ్గరకు వచ్చి పట్టుకొని విసిరేయవచ్చు. అంటే దాడి చేసేవాడు ప్రతి క్షణం మూడు ప్రశ్నలు వేస్తాడు. కాచుకునేవాడు అందులో ఏది నిజమో ముందే ఊహించాలి. 1996 ఆటలో ‘చిన్న గెంతు’ వచ్చింది. కర్రను పైకి తాకించి వెంటనే వదిలేస్తే మోకాలి ఎత్తున ఎగరడం. దానితో ఈ ప్రశ్నలు మరింత వేగంగా రావడం మొదలైంది. పెద్ద గెంతును చూసి స్పందించే వ్యవధి ఉంటుంది. చిన్న గెంతుకు ఉండదు. దీన్ని పట్టుకున్నవారే ఆటగాళ్ళు, పట్టుకోనివారు నావంటివారు.

1997 ఆటలో మొదట రెండు పద్ధతులలో ఒకటి ఎంచుకోవాలి. ‘అడ్వాన్స్‌డ్’ అనే పద్ధతిలో మనం పోరాడుతున్నకొద్దీ తెర అడుగున ఒక కొలత నిండుతుంది. నిండిన ప్రతిసారీ ఒక నిల్వ, గరిష్ఠంగా మూడు. ఒక నిల్వ ఖర్చు చేస్తే మహాస్త్రం. ‘ఎక్స్‌ట్రా’ పద్ధతిలో ఆ కొలతను మనమే ఒకచోట నిలబడి, మూడు బటన్లు నొక్కిపట్టి నింపుకోవాలి. పరుగు, దొర్లడం ఉండవు. కాని ప్రాణశక్తి అడుగంటినప్పుడు మహాస్త్రాన్ని ఎన్నిసార్లైనా వాడవచ్చు. మా వాడు ఎప్పుడూ మొదటి పద్ధతినే తీసుకునేవాడు. కారణం, ఆ నిల్వలు మనిషి మారినా పోవు. మొదటివాడు కూడబెట్టినది మూడోవాడికి అందుతుంది. ఇంకా బాగుంటుందేమో, ఆ నిల్వలు ఖర్చు చేస్తే గెలిచే సందర్భంలో కూడా చేయి కట్టుకొని, మొదటివాడిని ఓడనిచ్చేవాడు. నాకది లోభమనిపించేది. ‘మూడోవాడి కోసం అన్నయ్యా’ అనేవాడు.

వాడి జట్టు ఎన్నడూ మారలేదు. మొదట అథీనా. దూరంనుంచి వెలుగుబంతులు విసురుతూ, ఎదుటివాడిని దగ్గరకు రానివ్వకుండా కొలత నింపుకునే అమ్మాయి. రెండోవాడు గోరో దైమోన్. జూడో మల్లుడు, దగ్గరకు వస్తే వదలడు, నేలను గుద్దితే భూమి కంపించి నిలబడినవాడు కూలబడతాడు. మూడోవాడు ఇయోరి. కూడబెట్టినదంతా అతడి చేతిలో ఒక్క నిమిషంలో ఖర్చయ్యేది.

కథ కూడా లేకపోలేదు. జపాన్ పురాణంలో యమాత నో ఒరోచి అనే ఎనిమిది తలల సర్పాన్ని సుసనోవో అనే దేవత సంహరించగా, దాని తోకలో కుసనాగి అనే ఖడ్గం దొరుకుతుంది. ఆటలో కథానాయకుడి పేరు క్యో కుసనాగి. ఇయోరితో అతడికి వంశపారంపర్య వైరం. 1997 ఆట చివర ఒరోచి శక్తి మేల్కొంటుంది. అద్దం, ఖడ్గం, మణి అనే మూడు పవిత్ర వస్తువుల వారసులుగా క్యో, ఇయోరి, చిజురు అనే యువతి చేతులు కలపవలసి వస్తుంది. కాళీయమర్దనం విని పెరిగిన మనకు పాము మీద గెలుపు కొత్త కాదు. శత్రువులిద్దరూ ఒకే జట్టులో నిలబడడం నాకు నచ్చింది. ఈ కథ మా వాడికి అప్పట్లో తెలియదు. తెర మీద జపాన్ అక్షరాలు వస్తుంటే బటన్ నొక్కి దాటించేవాడు.

1999లో వాడు ఇంటర్మీడియట్ పూర్తిచేసి, డిగ్రీ చదువుకు ఊరికి తిరిగి వెళ్ళాడు. లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి అమ్మ నన్ను మెచ్చుకుంది. పార్లరు సంగతి మేమిద్దరం చెప్పలేదు. కొన్నేళ్ళకు ఆ షెడ్డు ఇంటర్నెట్ కేంద్రమైంది. చాచా ఏమయ్యారో తెలుసుకుందామనుకునేసరికి నాకు బదిలీ అయింది. ఒసాకాలోని ఆ సంస్థ కూడా 2001లో దివాలా తీసింది. దాని ఆటలను మరో సంస్థ చేపట్టి, వరుసను తెగిపోకుండా నడిపింది. 2016లో పాత పేరే మళ్ళీ వచ్చింది. 2022లో పదిహేనో ఆట వచ్చింది. ఆ ఏడాదే సంస్థ వాటాలలో అత్యధిక భాగం సౌదీ అరేబియావారి చేతికి వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా 1997, 1998 నాటి ఆటలను చైనాలో, మెక్సికోలో, బ్రెజిల్‌లో ఇష్టంగా ఆడేవారు ఇంకా ఉన్నారు.

మా అన్నదమ్ముల మధ్య మాత్రం కొంత ఎడం వచ్చింది. అమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మే విషయంలో మాటా మాటా పెరిగింది. ఎవరి పక్షాన ఎంత న్యాయమున్నదో ఇక్కడ విచారించడం భావ్యం కాదు. పెళ్ళిళ్ళలో కలుసుకునేవాళ్ళం, క్షేమసమాచారాలు అడిగేవాళ్ళం, అంతే. అలా ఏడెనిమిదేళ్ళు గడిచాయి.

1997 ఆటను 2018లో కంప్యూటర్లకు అనువుగా మళ్ళీ విడుదల చేశారు. మా అమ్మాయి అది నా కంప్యూటరులో పెట్టి, జాయ్‌స్టిక్ ఒకటి కొనిచ్చింది. రాత్రి భోజనమయ్యాక అరగంట నాకు అదే వ్యాపకం. ఆ దూకేవాడిని పడగొట్టే దెబ్బ నాకు ఇప్పుడు పదింట ఏడుసార్లు వస్తోంది. వేలితో పట్టుకోవడం అలవాటైంది, పిడికిలితో కాదు.

మొన్న సంక్రాంతికి కాకినాడలో ఉన్న తమ్ముడి ఇంటికి, వాడు పిలవకుండానే, సంచిలో రెండు జాయ్‌స్టిక్‌లు పెట్టుకొని వెళ్ళాను. మా ఆవిడ ‘వద్దండీ, బాగుండదు’ అంటూనే ఉంది. వాడు ఒక ప్రైవేటు కర్మాగారంలో స్టోర్సు చూస్తున్నాడు. జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. సంచి విప్పి చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. ‘పాతికేళ్ళయింది, పట్టుకోలేదు’ అన్నాడు చివరికి. వాడి కొడుకు గబగబా టీవీకి తీగలు తగిలించాడు.

అథీనా, దైమోన్, ఇయోరి. వెతుక్కోకుండా వేలు తిన్నగా ఆ ముగ్గురి దగ్గరకే వెళ్ళింది. నేను చాంగ్‌ను చివర పెట్టాను. మొదటి నాలుగు ఆటలు నేనే గెలిచాను. వాడి చేయి తడబడుతోంది. ఐదోది వాడు గెలిచాడు. ఆ తరువాత నేను గెలిచినవి రెండే. వాడి కొడుకు ‘నాన్నా, నీకిది వచ్చా?’ అని నోరు తెరిచి చూస్తున్నాడు.

వంటింట్లోనుంచి భోజనానికి పిలుపు వచ్చింది. నేను లేవకుండా, తెర వంకే చూస్తూ, ‘ఆ రోజు అందరి ముందూ నిన్ను కొట్టడం నా తప్పురా’ అన్నాను. ఇన్నేళ్ళూ అనలేకపోయిన మాట. వాడికి గుర్తుండకపోవచ్చునని కూడా ఆశించాను.

వాడికి బాగా గుర్తుంది. ‘కొట్టినదానికేముందిలే అన్నయ్యా. నాన్న ఉంటే ఆయన కొట్టేవాడు. నాకు ఇయోరి మిగిలే ఉన్నాడు. మూడు నిల్వలూ ఉన్నాయి. అవతల ఆ బెంగాలీ వాడికి ఒక్కడే, అదీ సగం ప్రాణంతో. నువ్వు లాగేశావు’ అన్నాడు.

నేను చాంగ్‌ను వదిలి, మొదటి ఇద్దరినీ ఓడనిచ్చి, మిగిలినవాడి ప్రాణశక్తి సగానికి వచ్చేవరకు కర్రను ముట్టుకోకుండా కూర్చున్నాను. వాడు నా వైపు చూసి, ‘అలా కాదు. ఆడు’ అన్నాడు. ఆడాను. ఇయోరి వచ్చాడు. మూడు నిల్వలూ ఖర్చయ్యాయి. భోజనాలు చల్లారిపోయాయని మరదలు కోప్పడింది.